వారానికి 30 పౌండ్ల నుంచి లక్ష దాకా: జేమీ వార్డీ సంపాదన లెక్క

[స్క్రీన్ మీద: సెర్చ్ బాక్స్‌లో "జేమీ వార్డీ నెట్ వర్త్"]

ఏ ఫుట్‌బాలర్ పేరైనా కొట్టి పక్కన నెట్ వర్త్, అంటే మొత్తం ఆస్తి విలువ అని పెట్టండి, నాలుగు సైట్లు నాలుగు అంకెలు చూపిస్తాయి, పైగా ఒక్కోటీ ఎంత ధీమాగా చెబుతుందంటే అతని బ్యాంకు ఖాతా తెరిచి చూసి రాసినట్టే ఉంటుంది. చూడలేదండీ. ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికి ఎంత జీతమో క్లబ్బులు బయటపెట్టవు. క్లబ్బు కూడా ఒక కంపెనీయే కాబట్టి ఏటా లెక్కలు దాఖలు చేయాలి, వాటిలో జీతాలన్నీ కలిపి ఒకే అంకె ఉంటుంది, ఎవరికెంత అన్నది ఉండదు. మిగతాదంతా ఏజెంట్లో క్లబ్బు మనుషులో రిపోర్టర్ల చెవిన వేసిన మాట, ఆ వారం జీతాన్ని ఎవరో 52తో హెచ్చవేసి, పన్ను సంగతి మర్చిపోయి పెట్టేసిన మొత్తం.

అయినా లెక్క కట్టలేమని కాదు. కాంట్రాక్ట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సుమారుగా కట్టొచ్చు. దానికి నేను ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ వార్డీని ఎందుకు తీసుకున్నానంటే, ఈ ఆటలో డబ్బుకు ఉన్న మెట్లన్నీ అట్టడుగు నుంచి ఒక్కొక్కటిగా ఎక్కినవాడు అతనే. మెస్సీని తీసుకుంటే ఆ మెట్లు కనిపించవు.

1987లో షెఫీల్డ్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి అభిమానించిన షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు అకాడమీలోనే ఉండేవాడు, పదహారేళ్లు వచ్చేసరికి మరీ పొట్టిగా ఉన్నావని పంపించేశారు. అక్కణ్నుంచి స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్. పేరు విని పెద్ద క్లబ్బు అనుకునేరు, ప్రొఫెషనల్ లీగ్‌ల కింద ఎక్కడో ఉండే టీమ్ అది. సీనియర్ జట్టులోకి వచ్చాక వారానికి 30 పౌండ్లు. పగలు మెడికల్ స్ప్లింట్లు, అంటే విరిగిన కాళ్లకూ చేతులకూ ఆసరాగా కట్టే పట్టీలు తయారు చేసే ఫ్యాక్టరీలో పని.

30 పౌండ్లు అంటే ఎంత తక్కువో తెలియాలంటే ఒక పాత సంగతి చెప్పాలి. ఇంగ్లండ్‌లో 1961 దాకా ఫుట్‌బాలర్ల జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది, ఎంత గొప్ప ఆటగాడైనా వారానికి 20 పౌండ్లు దాటకూడదు. ఆటగాళ్లు సమ్మె చేస్తామంటే దాన్ని ఎత్తేశారు, ఆ వెంటనే ఫుల్‌హామ్ క్లబ్బు జానీ హేన్స్‌కి వారానికి 100 పౌండ్లు ఇచ్చింది, అప్పట్లో అది పెద్ద సంచలనం. ఇప్పటికీ ఇంగ్లిష్ పేపర్లు ఆటగాడి జీతాన్ని "వారానికి ఇంత" అనే రాసే అలవాటు ఆ కాలం నుంచి వచ్చిందే. అలాంటిది, పరిమితి పోయి నలభై ఏళ్లు దాటాక కూడా వార్డీ చేతికి వచ్చింది 30.

2007లో ఇంకో దెబ్బ. పబ్ బయట గొడవ, దాడి కేసు, శిక్ష. వినికిడి యంత్రం పెట్టుకున్న స్నేహితుణ్ని ఎవరో ఏడిపిస్తుంటే అడ్డం వెళ్లానని తర్వాత చెప్పాడు. ఏదైతేనేం, ఆరు నెలలు కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్, అంటే ఎక్కడున్నాడో పోలీసులకు తెలిపే పట్టీ, సాయంత్రం 6 కల్లా ఇంట్లో ఉండాలి. మరి మ్యాచ్ మొదలయ్యేది మధ్యాహ్నం 3కి. దూరం ఊళ్లో ఆట ఉంటే ఓ గంట ఆడేవాడు, సబ్‌స్టిట్యూట్ రాగానే మైదానం ఫెన్సింగ్ దూకి, బయట కారులో ఎదురుచూస్తున్న అమ్మానాన్నల దగ్గరికి పరుగెత్తేవాడు. జెర్సీ మార్చుకునే టైమ్ కూడా ఉండదు కదా!

[స్క్రీన్ మీద: 15,000 → 1,50,000 → 10,00,000]

ఇక ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది, కాస్త నిదానంగా చెబుతాను. 2010లో హాలిఫాక్స్ టౌన్ అతన్ని 15,000 పౌండ్లకు కొన్నది. 2011లో ఫ్లీట్‌వుడ్ టౌన్ సుమారు లక్షన్నరకు కొన్నది. ఆ సీజన్లో లీగ్‌లో 31 గోల్స్ కొట్టేసరికి 2012లో లెస్టర్ సిటీ పది లక్షల పౌండ్లు పెట్టింది, ప్రొఫెషనల్ లీగ్‌లకు బయట ఉన్న ఆటగాడి మీద అంతకుముందు ఎవరూ అంత పెట్టలేదు. ఈ మూడూ కూడితే 11,65,000 పౌండ్లు. ఇందులో వార్డీ జేబులోకి వెళ్లింది ఎంత? సున్నా. ట్రాన్స్‌ఫర్ ఫీజు అనేది ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు ఇచ్చే డబ్బు, ఆటగాడి కాంట్రాక్ట్ గడువు ఇంకా ఉండగానే అతన్ని వదిలిపెట్టినందుకు ఇచ్చే పరిహారం లాంటిది. "ఫలానా ఆటగాడు పది కోట్లకు వెళ్లాడు" అని వినగానే అతను పది కోట్లు మూటగట్టుకున్నాడని మనం అనుకుంటాం చూశారా, అదీ తప్పు.

ఆటగాడికి దక్కేది కొత్త క్లబ్బు రాసిచ్చే కాంట్రాక్ట్. అందులో మూల జీతం ఉంటుంది, సంతకం చేసినందుకు కొంత ఉంటుంది, దాన్ని ఒకేసారి కాకుండా కాంట్రాక్ట్ పొడుగునా ఏటా విడతలుగా ఇస్తారు. ఆటగాడు తానే నన్ను అమ్మేయండని రాతపూర్వకంగా అడిగితే మిగిలిన విడతలు పోయినట్టే. అందుకే క్లబ్బు వదలాలని తహతహలాడే ఆటగాడు కూడా ఆ కాగితం ముక్క ఇవ్వకుండా, పేపర్లకు లీకులిస్తూ, ముఖం మాడ్చుకుని ట్రైనింగ్‌కి వస్తుంటాడు. వీటికి తోడు గోల్స్‌కీ, మ్యాచ్‌లకూ, లీగ్‌లో వచ్చిన స్థానానికీ బోనస్‌లు. ఇంకా ముఖ్యమైనది, కింది లీగ్‌కి పడిపోతే జీతంలో ఇంత శాతం కోత అనే షరతు.

లెస్టర్‌లో మొదటి ఏడాది ఘోరం. లీగ్‌లో 4 గోల్స్. ఫుట్‌బాల్ మానేసి స్పెయిన్ దీవి ఇబిజాలో టూరిస్టులకు పార్టీలు నడిపే పని చూసుకుందామా అని కూడా ఆలోచించాడట. మేనేజర్ నైజెల్ పియర్సన్, అసిస్టెంట్ క్రెయిగ్ షేక్‌స్పియర్ కూర్చోబెట్టి నచ్చజెప్పారు. తర్వాతి సీజన్లో లీగ్‌లో 16 కొట్టాడు, 2014లో లెస్టర్ ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పైదైన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కింది.

2015-16 గురించి తెలిసిందే, త్వరగా కానిచ్చేద్దాం. సీజన్ మొదట్లో లెస్టర్ చాంపియన్ అవుతుందన్న పందెం మీద 5000కి 1 ఇచ్చారు, అంటే ఒక్క పౌండు కాస్తే 5000 పౌండ్లు, అయింది. వార్డీ వరుసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టి మాంచెస్టర్ యునైటెడ్ మాజీ ఆటగాడు రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్ రికార్డు దాటాడు. (కాలం ఎలా తిరుగుతుందో చూడండి, 2025లో వార్డీ లెస్టర్ వదిలి వెళ్తున్నప్పుడు మేనేజర్ ఆ వాన్ నిస్టెల్‌రాయే.) ఇంకో తమాషా, ఆ ఏడాది చాంపియన్ లెస్టర్‌కి లీగ్ నుంచి సుమారు 9.3 కోట్ల పౌండ్లు వస్తే, రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్‌కి 10 కోట్లు దాటి వచ్చాయి. కారణం టీవీ. ఆర్సెనల్ మ్యాచ్‌లు ఎక్కువ లైవ్ ఇచ్చారు, ఒక్కో లైవ్ మ్యాచ్‌కీ ఇంత అని క్లబ్బుకు ముడుతుంది.

అసలు కథ కాంట్రాక్ట్‌లో జరిగింది. 2016 ఫిబ్రవరిలో, టైటిల్ ఇంకా చేతికి రాకముందే, లెస్టర్ అతనికి కొత్త కాంట్రాక్ట్ ఇచ్చింది. వారానికి సుమారు 80,000 పౌండ్లని పత్రికల మాట. అందులో ఒక రిలీజ్ క్లాజ్ ఉంది, అంటే ఎవరైనా ఫలానా మొత్తం ఇస్తామంటే లెస్టర్ కాదనకూడదు. ఆ మొత్తం దాదాపు 2 కోట్ల పౌండ్లు. ఫిబ్రవరిలో 29 ఏళ్లవాడికి అది పెద్ద ధరలాగే కనిపించి ఉంటుంది. మే వచ్చేసరికి అతను 24 లీగ్ గోల్స్ కొట్టిన చాంపియన్, అదే ధర ఇప్పుడు చవక బేరం. జూన్‌లో, యూరో కప్ కోసం వార్డీ ఇంగ్లండ్ జట్టుతో ఉండగా, ఆర్సెనల్ ఆ మొత్తం ఇస్తామంది.

రిలీజ్ క్లాజ్ కడితే ఆటగాడు మనవాడైపోతాడని చాలామంది అనుకుంటారు. కాదు. దాంతో దొరికేది అతనితో మాట్లాడుకునే అనుమతి మాత్రమే, జీతం కుదరాలి, అతను ఒప్పుకోవాలి. వార్డీ ఒప్పుకోలేదు. లెస్టర్‌లోనే నాలుగేళ్లకు సంతకం చేశాడు, ఈసారి వారానికి లక్ష పైనే అని రాశారు. నాలుగు నెలల్లో రెండు కాంట్రాక్ట్‌లు! విధేయత కాదని నేననను, కానీ ఆ రెండో పెంపు ఆర్సెనల్ తలుపు తట్టకపోతే అంత తొందరగా వచ్చేది కాదు. బేరంలో నీ దగ్గర ఇంకో దారి ఉండటమే బలం, ఆ దారిన వెళ్లకపోయినా సరే.

ఆ వేసవిలోనే క్లబ్బు యజమాని చాంపియన్ జట్టు ఆటగాళ్లకు తలా ఒక నీలం రంగు బీఎండబ్ల్యూ ఐ8 కారు బహుమతిగా ఇచ్చాడు. ఇలాంటివి నెట్ వర్త్ సైట్లు ఎక్కడ కలుపుతాయో మరి.

[స్క్రీన్ మీద: కాగితం మీద చేత్తో లెక్క]

సరే, ఇప్పుడు మన లెక్క. పత్రికల్లో వచ్చిన అంకెలే తీసుకుందాం. 2016 నుంచి 2020 దాకా వారానికి లక్ష అనుకుంటే ఏడాదికి 52 లక్షలు, నాలుగేళ్లకు 2.08 కోట్లు. 2020లో మళ్లీ కొత్త కాంట్రాక్ట్, అప్పటికి 33 ఏళ్లకు 23 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్, ఆ అవార్డు గెలిచినవాళ్లలో అందరికన్నా పెద్దవాడు. వారానికి 1,40,000 అన్నారు, ఏడాదికి 72.8 లక్షలు, 2024 దాకా అదే జీతం అనుకుంటే నాలుగేళ్లకు 2.91 కోట్లు. రెండూ కలిపి దాదాపు 5 కోట్ల పౌండ్లు.

పన్ను తీయండి. ఫుట్‌బాలర్ క్లబ్బు ఉద్యోగి, జీతంలోంచే పన్ను కోసుకుని ఇస్తారు. పై శ్లాబులో 45 శాతం, ఆపైన నేషనల్ ఇన్సూరెన్స్, అంటే పింఛను లాంటి వాటికి ప్రభుత్వం జీతంలోంచి తీసుకునే చందా, 2 శాతం. చేతికి మిగిలేది 2.65 కోట్లు, అటూ ఇటూగా. ఇందులో కొందరు ఆటగాళ్లు తమ ఫొటో, పేరు వాడుకునే హక్కుల్ని సొంత కంపెనీకి రాసి, క్లబ్బు ఇచ్చేదాంట్లో కొంత ఆ కంపెనీకి వచ్చేలా చూసుకుంటారు, దానికి కంపెనీ పన్ను పడుతుంది, అది తక్కువ. బ్రిటన్ పన్ను శాఖ దీని మీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచుతుంది.

ఈ 2.65 కోట్లలో బోనస్‌లు కలపలేదు, షూ కంపెనీ డబ్బు కలపలేదు. అటు 2023 కోతను కూడా తీసేయలేదు. ఆ ఏడాది లెస్టర్ కింది లీగ్‌కి పడిపోయింది, అప్పటికి క్లబ్బు జీతాల బిల్లు ఏడాదికి 20 కోట్ల పౌండ్లు దాటింది, చాంపియన్ అయిన ఏడాది అది సుమారు 8 కోట్లు. ఖర్చు వైపు చూస్తే, అమెరికాలో రాచెస్టర్ క్లబ్బులో 2021లో భాగస్వామి అయ్యాడు, ఆ జట్టు 2023 సీజన్ ఆడకుండానే ఆగిపోయింది. ఇక ఇంగ్లండ్ తరఫున ఆడిన 26 మ్యాచ్‌లు? 2007 నుంచి ఇంగ్లండ్ ఆటగాళ్లు మ్యాచ్ ఫీజులు చారిటీకి ఇచ్చేస్తున్నారు, కాబట్టి అక్కడ కలపడానికి ఏమీ లేదు.

కాంట్రాక్ట్ పొడవు చూస్తే వయసు తెలుస్తుంది. 2016లో నాలుగేళ్లు. 2022లో రెండేళ్లు. 2024లో, 37 ఏళ్లకు, ఒక్క ఏడాది. 2025 మే 18న ఇప్స్‌విచ్ మీద లెస్టర్ తరఫున 500వ మ్యాచ్ ఆడి 200వ గోల్ కొట్టాడు, అంత గుండ్రటి అంకెలు కావాలన్నా కుదరవు. కాంట్రాక్ట్ అయిపోయింది. 1995లో బోస్మన్ కేసు తీర్పు వచ్చినప్పటి నుంచి గడువు ముగిసిన ఆటగాడు యూరప్‌లో ఎక్కడికైనా ఉచితంగా వెళ్లొచ్చు, పాత క్లబ్బుకు చిల్లిగవ్వ ఇవ్వక్కర్లేదు. సెప్టెంబర్‌లో, 38 ఏళ్ల వార్డీ ఇటలీలో క్రెమోనీస్ క్లబ్బు కాగితాల మీద సంతకం పెట్టాడు. ట్రాన్స్‌ఫర్ ఫీజు సున్నా. స్టాక్స్‌బ్రిడ్జ్‌కి హాలిఫాక్స్ ఇచ్చినదాని కంటే పదిహేను వేలు తక్కువ.