కాఫీ తాగుతారా అని అడక్కండి

అందరికీ నమస్కారమండీ. సంక్రాంతి కదా, పిండివంటల గురించి చెప్పమంటారేమో అనుకున్నా, ఇంటికొచ్చినవాళ్లకి కాఫీ ఎలా ఇవ్వాలో చెప్పమన్నారు, నాకు చాలా సంతోషమేసింది. బ్రాడీపేటకి కాపురానికొచ్చి ముప్పై ఐదేళ్లయింది, ఒక్కరోజు కూడా మానకుండా చేసిన పనేదన్నా ఉందంటే ఇదే.

ముందు ఒక మాట. గుమ్మంలోకొచ్చిన మనిషిని "కాఫీ తాగుతారా" అని అడక్కండి. మన గుంటూరోళ్ల సంగతి మీకు తెలీందేముంది, పొద్దున్నుంచీ చుక్క తాగకపోయినా సరే ఆ మాట వినగానే "అబ్బే వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అనేస్తాం. అది మొహమాటం. అందులో మళ్లీ "తాగరు కదా" అని అడిగేవాళ్లున్నారు చూడండి, అలా అడిగితే ఇంక తాగుతాననే మనిషి పుట్టలేదు. "కాఫీ పెడుతున్నా, పంచదార ఎంత వెయ్యమంటారు" అని అడగండి చాలు, నిజంగా వద్దనుకున్నవాళ్లు అప్పుడైనా వద్దంటారు. దానికన్నా ముందు మంచినీళ్లివ్వాలి. మే నెలలో అరండల్‌పేట నుంచి నడిచొచ్చిన మనిషి గొంతు తడవకుండా వేడి కాఫీ చేతికిస్తే ఎలా తాగుతాడండీ?

పంచదార సంగతి ఎందుకింతగా చెప్తున్నానంటే, మా మామయ్యగారికి షుగరు. ఆయన ఏ ఇంటికెళ్లినా వాళ్లు కలిపిచ్చిన కాఫీ మారు మాట్లాడకుండా తాగేసేవారు, ఇంటికొచ్చాక "ఆ పిల్ల అంత ఆప్యాయంగా తెస్తే వద్దని ఎట్లా అంటానమ్మా" అనేవారు. అప్పట్నుంచీ మా ఇంట్లో పంచదార కలపను, చిన్న గిన్నెలో వేసి స్పూనుతో పక్కన పెడతా, ఎవరికి కావల్సినంత వాళ్లు వేసుకుంటారు, వద్దన్నవాళ్లు నలుగురిలో నాకు షుగరండీ అని చెప్పుకోవాల్సిన పని ఉండదు. అలాగే సాయంత్రం ఆరు దాటాక పెద్దవాళ్లొస్తే, కాఫీ పడుద్దా, పాలు ఇమ్మంటారా అని అడగండి, కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది, మన మర్యాద వాళ్లకి రాత్రంతా జాగారం కాకూడదు.

ఇక డికాషన్. ఎవరన్నా వస్తారని తెలిస్తే ముందే వేసుకోవాలండీ. ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసి, బిళ్లతో మెల్లిగా అదిమి (గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు), మరిగిన నీళ్లు ఒక్క నిమిషం ఆగి పోసి, మూత పెట్టి వదిలెయ్యండి, ఇరవై నిమిషాలు దాన్ని కదపొద్దు. దిగిన డికాషన్ పొయ్యి మీద పెట్టి మరిగించారా, చేదెక్కుతుంది. పాలు మాత్రమే కాచి, పొంగు రాగానే దించి, అందులో డికాషన్ కలపాలి. సంగం పాలైనా విజయ పాలైనా అప్పుడే కాచినవి అయితే ఆ రుచి వేరు. పొడి ప్యాకెట్ మీద కాఫీ ఎంత, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎంత అని రాసుంటుంది, చదివి కొనండి, సగం పైన కాఫీ లేకపోతే దాన్ని కాఫీ పొడని అమ్మకూడదు కూడా. నాకైతే ఎనభై ఇరవై నచ్చుతుంది. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఒకసారి చికోరీ లేకుండా అది తాగి చూడండి.

గ్లాసు అంచు దాకా నింపకండి, పట్టుకోడానికి చోటుండాలి, అంచు మీద మన వేళ్లు పడకూడదు. తొరక కట్టకముందే ఇవ్వాలి. పెద్దవాళ్లకి ముందు. ఇచ్చేసి లోపలికెళ్లిపోవద్దు, మీరు కూడా ఒక గ్లాసు తెచ్చుకుని కూర్చోండి.

ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన సంగతి. చాలా ఏళ్లు మా పనమ్మాయి గ్లాసు వంటింటి కిటికీ గట్టు మీద విడిగా ఉండేది. మా అత్తగారి హయాం నుంచీ అంతే, నేనూ అడగలేదు. ఒకరోజు ఆ పిల్ల జ్వరంతో వచ్చింది, నేను కంగారులో చేతికందిన గ్లాసులో, అంటే మా గ్లాసులో, కాఫీ పోసిచ్చా. తాగింది, కడిగింది, కడిగి స్టాండులో పెట్టలేదండీ, తీసుకెళ్లి కిటికీ గట్టు మీద తన గ్లాసు పక్కన బోర్లించింది. ఇంక దాన్ని మేం వాడమని ఆ పిల్లే అనేసుకుంది. నాకు నోట మాట రాలేదు. 1950లో రాజ్యాంగం వచ్చినప్పుడే 17వ అధికరణంలో అంటరానితనం రద్దయింది, హోటల్లో కులాన్ని బట్టి వేరు వేరు గ్లాసులు పెడితే నేరం, మరి మా కిటికీ గట్టు మీద అన్నేళ్లూ ఉన్నదేంటి? ఆ సాయంత్రమే రెండు గ్లాసులూ తీసి స్టాండులో పెట్టా, ఏది ఎవరిదో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తను కుర్చీలో కూర్చుని తాగడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది, రోజూ "కూర్చోమ్మా" అనేదాన్ని, గుమ్మం దగ్గర నిలబడే తాగేది. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికీ, రంగులేయడానికొచ్చినాయనకీ కూడా వేడికి మెత్తబడిపోయే ఆ ప్లాస్టిక్ గ్లాసులో పోసి మెట్ల మీదకి అందించకండి, లోపలికి పిలిచి ఇవ్వండి, వాళ్లూ మనింటికొచ్చినవాళ్లేగా.

నేను మైకు పట్టుకునే ముందే వెనక గదిలో రెండు పెద్ద ఫిల్టర్లలో డికాషన్ వేసొచ్చా, ఈపాటికి దిగుంటుంది, పాలు కాచడమే. వాచ్‌మన్ గారిని, వాళ్లావిడని కూడా పైకి రమ్మని చెప్పండి ఎవరన్నా. పంచదార బల్ల మీద పెడతా.