తక్కువ అద్దెకు కొసరుగా వచ్చేవి

హోస్ట్: నమస్కారం. ఇవాళ మనతో ఉన్న మేడమ్ చాలా ఏళ్లుగా బస్తీల్లో ఇళ్ల సర్వేలు చేస్తున్నారు. మైకు ఆన్ చేయకముందే ఒక మాటన్నారు, అయ్యో ఇది రికార్డవ్వలేదే అనిపించింది. మేడమ్, అక్కడినుంచే మొదలుపెడదామా?

అతిథి: (నవ్వు) పెద్ద మాటేం కాదండీ. ఇల్లు వెతుక్కునేటప్పుడు అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, నీళ్లొస్తాయా అని అడుగుతాం. గాలి ఎలా ఉంటుందని ఎవరం అడగం. కానీ దానికీ రేటుంది, అద్దెలోనే కలిపేసి ఉంటుంది. అద్దె మరీ తక్కువ చెప్పారంటే కొసరుగా ఇంకేదో వస్తోందన్నమాట. మురుగు కాలువో, చెత్త డంపో, తెల్లవార్లూ లారీలు తిరిగే రోడ్డో.

హోస్ట్: కొసరంటే కొన్నవాడికి లాభం కదా మామూలుగా.

అతిథి: ఇక్కడ అమ్మినవాడికి లాభం. అదే తేడా.

హోస్ట్: నాకెప్పటినుంచో ఒక అనుమానం. పేదవాళ్లున్న చోట పరిసరాలు బాగుండవు, అది అందరికీ కనిపించేదే. కానీ ఏది ముందు? ఫ్యాక్టరీ ముందొచ్చి, చవగ్గా ఉందని జనం తర్వాత చేరారా? లేక అడిగేవాళ్లు లేని చోటు చూసుకుని ఫ్యాక్టరీ పెట్టారా?

అతిథి: రెండూ జరిగాయండీ. పొగ ముందొచ్చిన కథ ఇంగ్లండ్‌ది. అక్కడ గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వీస్తుంది. బొగ్గు మండించే రోజుల్లో ఫ్యాక్టరీ పొగంతా తూర్పు పేటల మీదకి పోయేది. లండన్‌లో ఈస్ట్ ఎండ్ అంటే పేదల పేట అని పేరు పడిపోవడంలో దాని పాత్ర కూడా ఉంది. కొందరు ఆర్థికవేత్తలు 1880 ప్రాంతంలో 70 ఇంగ్లిష్ నగరాల్లో ఉన్న దాదాపు 5,000 పొగగొట్టాలను మ్యాపుల్లో గుర్తుపట్టి, ఏ పేట మీద ఎంత పొగ పడి ఉంటుందో లెక్కగట్టారు. ఎక్కువ పడిన చోటే పేదలు ఎక్కువ. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, మెల్లగా ఆ పొగ పోయింది. పేటల మధ్య తేడా మాత్రం పూర్తిగా పోలేదు.

హోస్ట్: పొగ పోయాక కూడానా!

అతిథి: అవును. ఒకసారి పేట పేరు పడిపోయాక స్కూళ్లు, షాపులు, ఇళ్లు అన్నీ దానికి తగ్గట్టే తయారవుతాయి కదా.

హోస్ట్: మరి రెండో కథ?

అతిథి: అది అమెరికాలో, హ్యూస్టన్‌లో. 1979లో ఒక కాలనీవాళ్లు తమ పక్కన చెత్త డంపు పెట్టొద్దని కోర్టుకెక్కారు. రాబర్ట్ బుల్లార్డ్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ ఆ కేసు కోసం ఊళ్లో డంపులు ఎక్కడెక్కడున్నాయో వెతికి లెక్క తీశారు. కేసు వాదించిన లాయరు ఆయన భార్యే లెండి. మున్సిపాలిటీ డంపులు ఐదుంటే ఐదూ నల్లజాతివాళ్ల పేటల్లోనే. చెత్త కాల్చే ప్లాంట్లు ఎనిమిదింట్లో ఆరు అక్కడే. ఊరి జనాభాలో చూస్తే వాళ్లు పావు వంతు.

హోస్ట్: గెలిచారా?

అతిథి: లేదు, ఓడిపోయారు. ఇంకో సంగతి, ఆ కాలనీవాళ్లు మరీ పేదవాళ్లు కూడా కాదు. సొంతిళ్లున్న మధ్యతరగతి. అందుకే ఇది డబ్బు ఒక్కదానితో తేలే విషయం కాదంటాను. "మా దగ్గర వద్దు" అని ఎవరంటే ఆఫీసర్లు వింటారన్నది కూడా చూడాలి.

హోస్ట్: ఇందాక టీ తాగేటప్పుడు ఒక కిటికీ గురించి చెప్పారు.

అతిథి: ఆ... అది నాకు గుర్తుండిపోయింది. సర్వేకి వెళ్లాం, రాత్రి పదకొండు దాటింది. రాత్రి వేడి ఎంతుందో కొలవాలి కాబట్టి ఆ టైముకి వెళ్లాం. ఒకటే గది, పైన రేకులు. ఆ ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని గోడకి ఆనించింది. అప్పుడే దించిన గిన్నెలా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, ఉన్న వేడినే ఒక మూల నుంచి ఇంకో మూలకి తోస్తోంది. కిటికీ ఉంది కానీ దానికి పాలిథిన్ షీటు కప్పి చుట్టూ మేకులు కొట్టేశారు. ఎందుకమ్మా అంటే వెనకాల మురుగు కాలువ. తీస్తే దోమలు, కంపు. మూస్తే ఉక్క. వంట కూడా ఆ గదిలోనే.

హోస్ట్: మనకి కిటికీ అంటే గాలీ వెలుతురూ.

అతిథి: వాళ్లకి రోజూ ఒక టెన్షన్.

హోస్ట్: అంత రాత్రి గోడ ఎందుకు వేడిగా ఉంది? రేకుల వల్లేనా?

అతిథి: పగలు రేకులు నిప్పులు చెరుగుతాయి, నిజమే. కానీ రేకు పల్చగా ఉంటుంది కాబట్టి పొద్దు పోయాక త్వరగానే చల్లారుతుంది. గోడలు, గచ్చు, బయట తారురోడ్డు అలా కాదు. పగలంతా దాచుకున్న వేడిని రాత్రి మెల్లగా వదులుతాయి. నాలుగు చెట్లుండి, గాలి ఆడితే ఆ వేడి పోతుంది. ఇరుకు సందుల్లో అదెక్కడిది? 1930లలో అమెరికాలో ఇళ్ల అప్పుల కోసం మ్యాపులు గీసి, వీళ్లకి అప్పిస్తే రిస్కు అని కొన్ని పేటలకి ఎర్ర రంగు వేశారు. ఎక్కువగా నల్లజాతివాళ్లు, వలస వచ్చినవాళ్లు ఉండే పేటలు. 2020లో 108 నగరాల్లో చూస్తే, ఆ ఎర్ర పేటల్లో నేల వేడి మిగతా చోట్లకంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ తేలింది. మ్యాపు గీసినవాళ్లు పోయారు, వేడి ఉండిపోయింది.

హోస్ట్: అంటే చెట్లు నాటేస్తే సగం తీరుతుందా?

అతిథి: ఆగండి. చెట్లొక్కటే అయితే షికాగో సంగతి అర్థం కాదు. 1995 జులైలో అక్కడ వడగాలికి 700 మందికి పైగా చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సోషియాలజిస్టు పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశారు. రెండూ పేదవే, ఎండా ఒకటే. ఒకదాంట్లో మరణాల రేటు రెండోదానికి దాదాపు పది రెట్లు. అక్కడ ఇళ్లు పాడుబడి, షాపులు మూతబడి, వీధులు ఖాళీ. ఒంటరి ముసలివాళ్లు భయంతో తలుపులేసుకుని లోపలే ఉండిపోయారు. రెండో పేటలో వీధి నిండా జనం, షాపులు. ముసలివాళ్లు ఇంట్లో ఉక్కపోస్తే బయటికొచ్చి కూర్చున్నారు. పరిసరాలంటే గాలీ నీళ్లేనా, వీధి కూడా.

హోస్ట్: నీళ్లంటే గుర్తొచ్చింది, కుళాయి లేనివాళ్లు ట్యాంకర్ దగ్గర లీటరుకి ఎక్కువే కట్టాల్సి వస్తుందంటారు.

అతిథి: చాలా నగరాల్లో అంతే. డబ్బున్నవాడికంటే పేదవాడు కొనే నీళ్లే ఖరీదు.

హోస్ట్: మరి ప్రభుత్వమే పక్కా ఇల్లు కట్టించి ఇస్తే?

అతిథి: ఎక్కడ కట్టించింది అని అడగాలండీ. ముంబైలో నీళ్ల పైపులైను పక్కన గుడిసెల్లో ఉన్నవాళ్లని ఖాళీ చేయించి ఆ ఊళ్లోనే మాహుల్ అనే చోటికి పంపారు. ఏడంతస్తుల భవనాలు, కాయితం మీద బస్తీనుంచి ఫ్లాటుకి మారినట్టే. కాకపోతే పక్కనే రిఫైనరీలు. అక్కడి గాలి ఆరోగ్యానికి ముప్పని 2015లోనే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ అంది. 2019లో బాంబే హైకోర్టు ఎవర్నీ అక్కడికి పంపొద్దని, ఉన్నవాళ్లు వేరేచోట ఉండటానికి అద్దె డబ్బులివ్వమని చెప్పింది. ఫ్లాటు ఊరికే ఇచ్చారు కదా అని చాలామంది అన్నారు. కొసరు సంగతి ఎవరూ అడగలేదు.

హోస్ట్: సరే, పేదల పేటనే బాగుచేశారనుకోండి. కాలువ శుభ్రం చేసి, పార్కు పెట్టి...

అతిథి: అద్దె పెరుగుతుంది. సొంతిల్లున్నవాడు బాగుపడతాడు, అద్దెకున్నవాడు ఖాళీ చేస్తాడు. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద హై లైన్ పార్కు 2009లో తెరిచాక చుట్టుపక్కల ఇళ్ల రేట్లు ఎగిరిపోయాయి. అందుకే నా మటుకు నేను పార్కు కంటే ముందు పట్టా అడుగుతాను. అద్దెకున్నవాళ్లకైతే ఇన్నేళ్లు కదిలించకూడదన్న ఒప్పందం. దాంతోపాటు చిన్న పనులు. అహ్మదాబాద్‌లో 2010 మేలో వడగాలికి మామూలుకంటే 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. 2013లో వాళ్లు హీట్ యాక్షన్ ప్లాన్ అని వడగాలిని తట్టుకునే ప్రణాళిక తెచ్చారు, తర్వాత్తర్వాత పేదల ఇళ్ల కప్పులకి తెల్లరంగు వేయడం మొదలుపెట్టారు. ఎండని తిప్పికొడుతుంది, గది కొంచెం చల్లబడుతుంది. తెల్ల కప్పు చూసి అద్దె పెంచే ఓనరు నాకింతవరకు తగల్లేదు.

హోస్ట్: (నవ్వు) సొంతంగా వేయించుకున్నా చవకే. మేడమ్, ఆ కిటికీ ఇంటికి మళ్లీ వెళ్లారా?

అతిథి: వెళ్లాను, రెండేళ్ల తర్వాత. కాలువ మీద స్లాబు వేశారు. కిటికీ తెరిచే ఉంది, చట్రం చుట్టూ మేకుల బొక్కలు అలాగే ఉన్నాయి. కానీ ఇంట్లో వేరేవాళ్లున్నారు. అవేం బొక్కలో వాళ్లకి తెలీదు.

హోస్ట్: ఆవిడ?

అతిథి: పక్కింటివాళ్లనడిగాను. లారీల అడ్డా వెనకాల ఎక్కడో తీసుకున్నారట. అద్దె తక్కువట.