జకార్తాలో గురువారం, నల్ల గొడుగులు

(తెరపై: జకార్తా. అధ్యక్ష భవనం ఎదుట నల్ల దుస్తుల్లో, నల్ల గొడుగులతో కొందరు. నినాదాలు లేవు.)

వ్యాఖ్యాత: ఈ గొడుగులు ఎండకూ కాదు, వానకూ కాదు. 2007 జనవరి 18 నుంచి ఇండోనేషియా అధ్యక్ష భవనం ఎదుట, హత్యల లెక్క అడుగుతూ, గురువారం గురువారం ఇలా నిలబడుతున్నారు. పేరు ‘అక్సి కమిసాన్’. కమిస్ అంటే గురువారమే.

(గొడుగు దగ్గరి దృశ్యం: నలుపు మీద తెల్లని అక్షరాలు)

మొదలుపెట్టినవారిలో ఒకరు మరియా సుమార్సి. కొడుకు వావన్ విద్యార్థి. నియంత సుహార్తో గద్దె దిగిన ఆరు నెలలకు, 1998 నవంబరు 13న, తన కళాశాల ప్రాంగణంలో పడిపోయిన మనిషిని ఆదుకోబోతుండగా తూటా తగిలి చనిపోయాడు. ఆమె పక్కనే సుచివాతి. భర్త మునీర్ మానవ హక్కుల న్యాయవాది. 2004లో విమానంలో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తూ ఆర్సెనిక్ విషానికి బలయ్యాడు. ఒక పైలట్‌కు శిక్ష పడింది. చేయించిందెవరో మాత్రం తేలలేదు.

వీళ్లు పార్టీ పెట్టలేదు, ఓట్లు అడగలేదు. ప్రతి వారం అధ్యక్షుడికి ఒక లేఖ పంపుతారు, అంతే. 2023 జనవరిలో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో 12 ఘోర మానవ హక్కుల ఉల్లంఘనలను ఒప్పుకుని విచారం తెలిపారు. విచారం సరే, విచారణ ఏది?

(తెరపై: నీలం రంగులో గరుడ చిహ్నం)

మన గరుత్మంతుడే అక్కడి జాతీయ చిహ్నం. 2024 ఆగస్టులో ఈ బొమ్మ ‘అత్యవసర హెచ్చరిక’ అన్న మాటతో ఫోన్లన్నీ చుట్టేసింది. స్థానిక ఎన్నికలపై రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును పక్కకు నెట్టేలా పార్లమెంటు హడావిడిగా చట్టం మార్చబోయింది. జనం వీధుల్లోకి వచ్చేసరికి వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది ఆగస్టులో కోపం ఎంపీల ఇంటి భత్యం మీద, నెలకు 5 కోట్ల రూపియాలు! ఆ గొడవల్లో పోలీసు వాహనం కింద ఒక బైక్ టాక్సీ యువకుడు నలిగిపోయాడు. ఆ తర్వాతే భత్యం రద్దయింది.

వీధి పోరు ఇలా రోజుల్లో ఫలితం రాబట్టగలదు. హత్యల లెక్క అడగడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఓపిక గొడుగుల వాళ్లది.

(తెరపై: మళ్లీ అధ్యక్ష భవనం)

2024 అక్టోబరు నుంచి లోపల ఉన్నది ప్రబోవో సుబియాంతో. ఉద్యమకారుల అపహరణ వ్యవహారంలో 1998లో సైన్యం సాగనంపిన జనరల్ ఆయనే. ఇప్పుడు గురువారం లేఖల మీద రాసే చిరునామా కూడా ఆయనదే.