ఆ రెండు గోల్స్ విలువ 0.13

(మిన్నెసోటాలో తెలుగు కుటుంబాల సంక్రాంతి సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పెద్దలకు, పిల్లలకు, వెనకాల వడ్డనకు సిద్ధమవుతూ ఒక చెవి ఇటు పడేసిన వాలంటీర్లకు, ఈ చలిలో కారు ఎక్కడో పార్క్ చేసి నడిచొచ్చిన అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. వేదిక మీదున్న వారి పేర్లు నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ చదివారు కాబట్టి నేను చదవను. నాకిచ్చిన సమయం పదిహేను నిమిషాలు, ఇచ్చిన అంశం ‘మన పిల్లలు, ఆటలు’. ఆటల వల్ల ఆరోగ్యం వస్తుంది, క్రమశిక్షణ వస్తుంది, నిద్ర బాగా పడుతుంది. అంశం అయిపోయింది. మిగిలిన టైమ్‌లో నా బాధేదో చెప్పుకుంటాను.

మన వాట్సాప్ గ్రూపులో ఈ చలికాలమంతా సోమవారం పొద్దున ఒక పోస్టు పడుతోంది. మన పిల్లలు ఆడే హైస్కూల్ హాకీ టీమ్‌లకు ఆ వారం రాష్ట్రంలో ఎన్నో ర్యాంకు వచ్చిందీ అని. ఫలానా వారి అమ్మాయి టీమ్ పద్నాలుగు, ఫలానా వారి అబ్బాయి టీమ్ ఇరవై రెండు. కింద చప్పట్ల బొమ్మలు. మరుసటి వారం పద్నాలుగు కాస్తా పంతొమ్మిది అవుతుంది. ఎవరో ఒకరు ‘ఏమైందండీ?’ అంటారు. పాపం ఆ తండ్రి పనిలో కూర్చుని గోలీకి, అంటే గోల్‌కీపర్‌కు, జ్వరమొచ్చిందని, రిఫరీ అన్యాయం చేశాడని టైప్ చేస్తూ ఉంటాడు. ఆ పిల్ల కూడా అదే గ్రూపు చూస్తుందండీ, వాళ్లమ్మ ఫోన్లో. దాని గురించే ఈ రోజు మాట్లాడతాను.

ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ హైస్కూల్ ఐస్ హాకీ అంటే మామూలు ఆట కాదు. అబ్బాయిల స్టేట్ టోర్నమెంట్ 1945 నుంచి జరుగుతోంది. అమ్మాయిల హాకీని హైస్కూల్ ఆటగా ముందు గుర్తించిన రాష్ట్రం కూడా ఇదే, 1994లో. ఒక్కో టీమ్ సీజన్‌లో 25 దాకా మ్యాచ్‌లు ఆడుతుంది. పదిహేడు నిమిషాల పీరియడ్లు మూడు. తర్వాత సెక్షన్లు, అంటే ప్రాంతాల వారీ పోటీలు. ఎనిమిది సెక్షన్లలో గెలిచిన ఎనిమిది టీమ్‌లు స్టేట్‌కు వెళతాయి. పెద్ద స్కూళ్లకు ఒక క్లాస్, చిన్న స్కూళ్లకు ఒక క్లాస్, దేని ఎనిమిది దానిదే. అబ్బాయిల్లో ఈ విభజన 1992లో వచ్చింది, అప్పటిదాకా అందరూ ఒకే బరిలో.

ఇక్కడొక సంగతి గమనించండి. ఈ రాష్ట్రంలో ర్యాంకు చూసి ఎవరినీ స్టేట్‌కు పంపరు, సెక్షన్ గెలవాల్సిందే. సీజన్ అంతా ఓడిన టీమ్‌ను కూడా సెక్షన్‌లో ఆడనిస్తారు. మహా అయితే సీడింగ్‌లో తేడా వస్తుంది. మొదటి మ్యాచ్ ఎవరితో, ఎవరి రింక్‌లో, అంటే ఎవరి మంచు మైదానంలో, అంతే. మసాచుసెట్స్ సంగతి వేరు. అక్కడ ఒకప్పుడు కమిటీ కూర్చుని ‘సూపర్ 8’ అని అబ్బాయిల టీమ్‌లను ఎంపిక చేసేది. ఏటా గొడవే. 2021-22 నుంచి పవర్ రేటింగ్ అని లెక్క పెట్టారు, డివిజన్‌లో మొదటి 32లో ఉంటే టోర్నమెంట్‌కు దారి దొరుకుతుంది. అక్కడి తల్లిదండ్రులు రేటింగ్ చూసి కంగారు పడ్డారంటే అర్థముంది. మనకేమైంది?

ఏమైందో నాకు తెలుసు. మనం ఆ గాలి పీల్చి పెరిగినవాళ్లం. నేను ఇంటర్ విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను, పేరు వద్దు. ఆదివారం పరీక్ష, మంగళవారం బోర్డు మీద ర్యాంకులు. ర్యాంకును బట్టి సెక్షన్ మారేది. పెట్టె, పరుపు ఎత్తుకుని ఒక రూమ్ నుంచి ఇంకో రూమ్‌కు వెళ్లేవాళ్లం. నా పక్క మంచం కుర్రాడు ఒక నెలలో అటు మారాడు, ఇటు వచ్చాడు, మళ్లీ అటు మారాడు. చివరికి పెట్టె తాళం వేయడమే మానేశాడు. ఆ తర్వాత టీవీల్లో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని అరుపులు. నవ్వుతున్నారు. నవ్వండి, మీరూ విన్నారు. కానీ ఆ ఎంసెట్‌కు ఒక న్యాయముంది. అందరూ రాసేది ఒకే పేపర్. ఇప్పుడు సెషన్లు పెట్టి నార్మలైజేషన్ చేస్తున్నారనుకోండి, అది వేరే ప్రసంగం. హాకీలో ఒక్కో టీమ్‌కు ఒక్కో పేపర్. పైగా ఆ పేపర్ రాసేది వాళ్ల ప్రత్యర్థులు.

నేను ఇన్సూరెన్స్ లెక్కలు చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి లెక్క సంగతి కొంచెం చెబుతాను, ఓపిక పట్టండి. ర్యాంకులు రెండు రకాలు. ఒకటి ఓట్లు. కోచ్‌లో, పత్రికలవాళ్లో ఎవరు మేలో తమకు తోచింది చెబుతారు. రెండోది అందరూ ఫోన్లో చూసే రేటింగ్. దాని సారం ఇదీ. ప్రతి మ్యాచ్‌కూ ప్రత్యర్థి రేటింగ్ తీసుకుంటారు, గెలిచిన గోల్స్ తేడా కలుపుతారు, ఓడితే తీసేస్తారు. అన్ని మ్యాచ్‌ల సగటే మీ రేటింగ్. ప్రత్యర్థి రేటింగ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? వాళ్ల ప్రత్యర్థుల నుంచి. వాళ్లలో మనమూ ఉన్నాం. అందుకే కంప్యూటర్ దాన్ని తిప్పి తిప్పి, అంకెలు కదలడం ఆగేదాకా లెక్కేస్తుంది. చిన్న టీమ్‌ను చితక్కొట్టి రేటింగ్ పెంచుకోకుండా ఒక్క మ్యాచ్‌లో ఏడు గోల్స్ తేడా వరకే లెక్కలోకి తీసుకుంటారు. ఎవ్‌లెత్ అని ఇనుప గనుల ఊరు ఒకటుంది. ఆ ఊరి జాన్ మయాసిచ్ 1951 స్టేట్ టోర్నమెంట్‌లో ఒక మ్యాచ్‌లో ఒక్కడే ఏడు వేశాడు. ఈ లెక్క అప్పుడుంటే పరిమితి మొత్తం ఆయనొక్కడే వాడేసేవాడు.

నిజానికి ఈ లెక్కలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. మీది 88 అనుకోండి. 94 ఉన్న టీమ్‌తో ఆడి మూడు గోల్స్ తేడాతో ఓడారు. 94లోంచి మూడు తీస్తే 91. ఓడినా మీ సగటు పెరుగుతుంది. ఓట్ల ర్యాంకులో అలా జరగదు. ఓడావా, దిగు. ఎవరితో ఓడావో ఓటేసేవాడికి గుర్తుంటే మీ అదృష్టం. కాకపోతే లెక్కకు తెలియనివి ఓటేసేవాడికి తెలుస్తాయి. గోలీకి ఒంట్లో బాగాలేదని తెలుస్తుంది. చివరి నిమిషంలో గోలీని తీసేసి, బదులు ఇంకో ఆటగాణ్ణి దింపి, ఖాళీ నెట్‌తో ఆడితే పడ్డ గోల్ వేరు, మామూలు గోల్ వేరు అని తెలుస్తుంది. లెక్కకు 2-1 వేరు, 3-1 వేరు, అంతే.

ఇక్కడ 1969 ఫైనల్ గురించి చెప్పకపోతే నాకు తోచదు. వారోడ్ అని కెనడా సరిహద్దు ఊరు, ఈనాటికీ రెండు వేల మంది లేరు. అవతల ఇడైనా, మనలో సగం మందికి తెలిసిన డబ్బున్న సబర్బ్. వారోడ్ టీమ్‌కు ప్రాణం హెన్రీ బూషా అనే ఓజిబ్వే కుర్రాడు. మ్యాచ్ మధ్యలో బోర్డులకు, అంటే రింక్ చుట్టూ ఉండే గోడకు, కొట్టుకుని, చెవికి దెబ్బ తగిలి ఆస్పత్రి పాలయ్యాడు. అతను లేకుండానే ఆ పిల్లలు ఓవర్‌టైమ్ దాకా లాక్కొచ్చి 5-4తో ఓడారు. యాభై ఏళ్లు దాటినా ఉత్తరాన ఆ మ్యాచ్ గురించి నిన్న జరిగినట్టు మాట్లాడతారు. లెక్కకు ఇస్తే ఏమంటుంది? ఒక్క గోల్ తేడా, మైనస్ ఒకటి.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. చూశానండీ. అసలు కథ ఇప్పుడే మొదలవుతోంది.

ఈ నెల మొదట్లో మా అమ్మాయి టీమ్ మ్యాచ్. అవతల టీమ్‌లో సరిపడా పిల్లలు లేరు, మార్చి మార్చి దింపడానికి రెండు లైన్లే, అంటే కలిసి ఆడే రెండు గుంపులే, ఉన్నాయి. వాళ్ల గోలీ తొమ్మిదో తరగతి అనుకుంటాను. కాళ్ల ప్యాడ్లు ఎవరివో పెద్దవాళ్లవి, లేచినప్పుడల్లా పక్కకు తిరిగిపోతున్నాయి. ప్రతి గోల్ పడ్డాక ఆ పిల్ల వెనక్కి తిరిగి స్టిక్‌తో ఎడమ పోస్టును ఒకసారి, కుడి పోస్టును ఒకసారి తట్టి, నీళ్ల సీసా ఎత్తి తాగి, మళ్లీ వంగి నిలబడేది. ఐదుసార్లు అదే వరస. స్కోరు 5-0. మూడో పీరియడ్. మా కోచ్ మంచివాడు, ఫస్ట్ లైన్‌ను కూర్చోబెట్టి, చిన్న పిల్లలను దించి, ఐదు పాస్‌లు కాకుండా షాట్ కొట్టొద్దన్నాడు.

నా పక్కన కూర్చున్న మిత్రుడు, మన తెలుగాయనే, ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను, తల దించుకోకండి సార్, ఒక చేతిలో పాప్‌కార్న్, ఒక చేతిలో ఫోన్. రేటింగ్ పేజీ తెరిచి ఉంది. ‘ఇంకో రెండు వేస్తే చాలండీ, ఏడు దాటితే ఎలాగూ లెక్కలోకి రాదు’ అన్నారు. అని ఊరుకోలేదు. లేచి రింక్ చుట్టూ ఉండే గాజు గోడ దగ్గరకెళ్లి వాళ్ల అమ్మాయికి తెలుగులో అరిచారు, ‘కొట్టమ్మా, పాస్ కాదు, కొట్టు!’ ఆ రింక్‌లో ఆ మాట అర్థమైనవాళ్లం నలుగురం. ఆ అమ్మాయి కొట్టింది. ఇంకొకరు కూడా కొట్టారు. 7-0. ఆయన వచ్చి తృప్తిగా కూర్చున్నారు.

ఆఖరి నిమిషంలో ఇంకో షాట్ వెళ్లింది. ఆ గోలీ పిల్ల పక్కకు జారి, ప్యాడ్ ఎటో తిరిగిపోయినా మోకాలి మీద పడి చేతి తొడుగుతో పట్టేసింది. వాళ్ల బెంచ్ మొత్తం లేచి స్టిక్‌లతో బోర్డులను దబదబా కొట్టింది. మా బెంచ్‌లోనూ కొంతమంది కొట్టారు. మా అమ్మాయి కొట్టింది, నేను చూశాను.

ఇంటికెళ్లి నేను లెక్క వేశాను, నా బుద్ధి అంత. అవతల టీమ్ రేటింగ్ 83. మాది 88. 5-0తో గెలిస్తే 83కు ఐదు కలిపి 88, మా సగటు కదలదు. 7-0 అయితే 90. రెండు ఎక్కువ. కానీ అది అప్పటికి ఆడిన పదిహేను మ్యాచ్‌ల సగటులో కలుస్తుంది. రెండును పదిహేనుతో భాగిస్తే 0.13. ఆ రెండు గోల్స్ విలువ 0.13 అండీ. సోమవారం ర్యాంకు మారలేదు. మన గ్రూపులో మాత్రం చప్పట్ల బొమ్మలు పడ్డాయి.

ఆయన్ను నేను తప్పుపట్టడం లేదు. పడుతున్నాను, కానీ ఆయనొక్కణ్ణే కాదు. ఈ శీతాకాలం తల్లిదండ్రుల మీటింగ్‌లో కోచ్ ఉత్తరానికి వెళ్లి బలమైన టీమ్‌తో ఆడదామన్నాడు. రోజో, వారోడ్ వైపు. దారి పొడవునా మంచు, బస్సులో ఆరు గంటలు. అక్కడి ఊళ్లు చిన్నవే కానీ 1960లో, 1980లో ఒలింపిక్ గోల్డ్ గెలిచిన అమెరికా టీమ్‌లలో వారోడ్ పిల్లలున్నారు. రోజో చిన్న స్కూలైనా పెద్ద క్లాస్‌లోనే ఆడతానంటుంది. అలాంటి చోట ఓడి రావడం కూడా చదువే. మీటింగ్‌లో ఏమన్నారో తెలుసా? ‘వెళ్లి ఓడితే ర్యాంకు పడిపోతుంది.’ అన్నవాళ్లలో మనవాళ్లున్నారు, తెల్లవాళ్లున్నారు. ఈ జబ్బుకు రంగు లేదు. ఆ ప్రయాణం రద్దయింది. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం తక్కువ తేడాతో ఓడితే రేటింగ్ పెరిగేది కూడా. అది కూడా చూసుకోలేదు! ర్యాంకును నమ్మేవాళ్లు కనీసం ఆ లెక్కైనా చదవాలి కదండీ.

బలమైనవాళ్లతో ఆడటానికి భయం పుట్టించే ర్యాంకు నాకు వద్దు. ఇంతకంటే గట్టిగా చెప్పడం నాకు రాదు. ఇంకో చిన్న మాట. డిసెంబర్ ర్యాంకులకు అసలు అర్థమే లేదు. అప్పటికి ఉత్తరంవాళ్లు ఉత్తరంవాళ్లతో, మనం మనవాళ్లతోనే ఆడి ఉంటాం. రెండు గుంపుల మధ్య నాలుగు మ్యాచ్‌లైనా లేకపోతే ఏ కంప్యూటరైనా ఎలా పోలుస్తుంది? క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య జరిగే టోర్నమెంట్లలోనే ఈ ప్రాంతంవాళ్లు ఆ ప్రాంతంవాళ్లను ఢీకొంటారు. ఆ తర్వాతే అంకెలకు కాస్త కాళ్లు వస్తాయి. అప్పుడైనా ఆ అంకె కోచ్‌లకు సీడింగ్‌లో పనికొస్తుంది. మనకు, ఆ బెంచీ మీద కూర్చునే మనకు, దేనికి?

అయిపోయిందండీ, చీటీ అందింది. రెండో చీటీ.

ఇప్పుడు మీ అందరినీ ఒకటి అడుగుతాను, ఇక్కడే తేల్చేద్దాం. సోమవారం ర్యాంకుల పోస్టు ఆపేద్దాం. దాని బదులు ఆదివారం రాత్రి ఆ వారం మన పిల్లల మ్యాచ్‌లు ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది పెడదాం. మొన్న మా మ్యాచ్‌కు ఈ హాల్లో నుంచి వచ్చింది ఎంతమందో తెలుసా? నేనూ, ఆయనా. ర్యాంకుకు చప్పట్లు కొట్టినవాళ్లు మాత్రం అరవై మంది. వచ్చే గురువారం ఏడింటికి ఉంది, రండి. దుప్పటి తెచ్చుకోండి, ఆ బెంచీలు ఉత్త ఇనుము.

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. పిల్లలు కూడా ఎత్తండి, అసలు మీదే ఈ ఓటు. ఇంకా పైకి. బాగుంది. కార్యదర్శి గారూ, మినిట్స్‌లో రాసుకోండి. సోమవారం పోస్టు బంద్, ఆదివారం షెడ్యూల్. ఆ కుడి మూల మూడు చేతులు లేవలేదు, అది కూడా రాయండి. సార్, మీది సగం లేచింది. లేచినట్టే రాయించుకుంటున్నాను.