కోసే ముందు ఒక్క పూట

శ్రోతలకు నమస్కారం. ఈరోజు మా బావ కాళ్ల గురించి చెబుతాను.

గాజువాకలో మేడ కడుతుంటే పరంజా మీంచి పడి బావకు వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. కానీ కాళ్లు ఊరుకోవు. పక్క మీద ఒత్తిగిలిస్తే చాలు కర్రల్లా బిగుసుకుంటాయి, దడదడా కొట్టుకుంటాయి. మెదడు అదుపు కిందికి అందదు కాబట్టి చిన్న తాకిడికే అంత గొడవ. మాత్రలు వేస్తే పగలంతా మగత. నిద్రలేక విసిగిపోయి, "ఆ నరాలేవో కోసేయండి డాక్టరుగారూ" అన్నాడు ఒకరోజు.

అలాంటి ఆపరేషన్ ఉంది. వెన్నుపాములోకి వెళ్లే నరాల మొదళ్లలో కొన్నింటిని కోస్తారు. బిగుతు తగ్గించడానికి కండలోకి వేసే బొటాక్స్ ఇంజెక్షన్ ప్రభావం కొన్ని నెలలకు దిగిపోతుంది. బాక్లోఫెన్ అని బిగుతు వదిలించే మందు ఉంది, పొట్ట చర్మం కింద అమర్చే బాక్లోఫెన్ పంపుకైతే మోతాదు తగ్గించుకోవచ్చు. కోసింది మాత్రం అతకదు.

ఆ డాక్టరుగారు ముందు ఒక్క పూట చూద్దామన్నారు. నడుం దగ్గర సూది వేసి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి కొంచెం బాక్లోఫెన్ ఎక్కించారు. మధ్యాహ్నానికి కాళ్లు తడిబట్టల్లా వదులైపోయాయి. అక్క సంతోషంతో కళ్లు తుడుచుకుంది. బావ రోజూలాగే మంచం అంచుకు జరిగి వీల్‌చైర్‌లోకి మారబోయాడు. కాళ్లు నిలవలేదు. మేమిద్దరం చంకల కింద పట్టి ఎత్తాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ ఆయన లేచింది ఆ బిగుతు మీదే. "ఏటిరా, ఇది పోతే నేను లేచేదెలా?" అన్నాడు. రాత్రికి మందు దిగింది, బిగుతు తిరిగొచ్చింది. ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ నెల బిగుతు అంతగా ఎందుకు పెరిగిందో అక్కే కనిపెట్టింది. మేజోడు తీస్తే, బొటనవేలి గోరు కండలోకి దిగి చీము పట్టి ఉంది. ఆయనకు నొప్పి తెలియదు, కాళ్లకు తెలిసింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పక్క పుండు ఉన్నా అంతే, ముందు వాటిని వెతకాలి.

కోయించుకోవద్దని అనను. తొడలు విడదీయలేక, శుభ్రం చేయలేక పుండ్లు పడుతున్నవాళ్లకు అదే మేలు కావచ్చు. కానీ కోసింది అతకదు. అందుకని డాక్టరుగారిని ఒక్కటి అడగండి: "ముందు తాత్కాలికంగా చేసి చూడొచ్చా?" ఆ పూట పడుకుని గడపకండి. పక్కన మనుషుల్ని పెట్టుకుని మంచం దిగండి, కుర్చీలోకి మారండి, బాత్రూముకి వెళ్లి చూడండి. బాక్లోఫెన్ వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి మానేయొద్దు, ఫిట్స్ రావచ్చు.

నిన్న సాయంత్రం వెళ్లాను. గోరు మానింది. బావ కిటికీ ఊచ పట్టుకుని, మోకాళ్లు బిగిసి నిలబడి ఉన్నాడు. అక్క ఈలోగా దుప్పటి మారుస్తోంది.