క్లాసులో అందరికంటే చిన్నవాడు: పిల్లల డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: బెంగళూరు మారతహళ్ళి నుంచి కాలర్ లైన్లో ఉన్నారు. టీవీ సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండమ్మా.

కాలర్: తగ్గించానండి. నమస్తే డాక్టర్ గారూ. మాది అనంతపురం, ఉద్యోగాల కోసం ఇక్కడ ఉంటున్నాం. మా బాబు రెండో తరగతి. కుదురుగా కూర్చోడు. బోర్డు మీదది వీడు సగం రాసేలోపే టీచర్ తుడిచేస్తారు. మొన్న పేరెంట్-టీచర్ మీటింగులో ఏడీహెచ్‌డీ, అదే ధ్యాస నిలవకపోవడం, కుదురుండకపోవడం అనే సమస్య ఏమో, చూపించండి అన్నారు. అప్పట్నుంచి నిద్ర లేదు నాకు.

డాక్టర్: ఎప్పుడు పుట్టాడమ్మా?

కాలర్: 2019 డిసెంబరు, నెలాఖర్లో.

డాక్టర్: అయితే 2025లో సడలింపు మీద ఒకటో తరగతిలో చేర్చారన్నమాట.

కాలర్: అవునండి. ముందు ఆరేళ్ళన్నారు, తర్వాత ఐదేళ్ళ ఐదు నెలలైనా చాలన్నారు. సీటు పోతుందేమోనని చేర్చేశాం.

డాక్టర్: మీరే కాదు, బెంగళూరులో చాలామంది అదే చేశారు. జూన్ 1కి ఆరేళ్ళు నిండాలన్న నిబంధనను కర్ణాటకలో ఆ ఏడాదికి సడలించారు. దాంతో ఆరు దాటినవాళ్ళూ, ఐదున్నర నిండనివాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పెద్దాళ్ళకు ఏడాది తేడా ఒక లెక్కా? ఐదున్నరేళ్ళవాడికి పదకొండు నెలలంటే పుట్టిన దగ్గర్నుంచి బతికినదాంట్లో ఆరో వంతు! అమెరికాలో బడిలో చేర్చే వయసు లెక్కకి సెప్టెంబరు 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల్లో చూశారు. కటాఫ్‌కి ముందు ఆగస్టులో పుట్టి క్లాసులో చిన్నవాళ్ళైనవాళ్ళకు, సెప్టెంబరులో పుట్టి మరుసటేడు చేరినవాళ్ళకంటే ఏడీహెచ్‌డీ అని తేల్చడం 34 శాతం ఎక్కువ. 2018లో వచ్చింది ఆ పరిశోధన. ఒక్క నెల తేడాకి జబ్బు అంత పెరగదు కదా. టీచర్ని తప్పుపట్టను, ఆవిడకి కనిపించేది పక్కవాడితో పోలిక. సరే, ఇంట్లో ఎలా ఉంటాడు?

కాలర్: బ్లాకులు ముందేస్తే గంటసేపు కదలడు. చొక్కా గుండీలు పెట్టుకోడానికి మాత్రం వాన్ బయల్దేరే టైమైపోతుంది.

డాక్టర్: చూశారా! గంటసేపు కదలనివాడికి ధ్యాస లేదని చెప్పలేం. వేళ్ళు ఇంకా కుదురుకోలేదు, రాత వెనకబడేది అక్కడే. చపాతీ పిండి పిసకనివ్వండి, కత్తెరతో కాగితాలు కత్తిరించనివ్వండి. పేజీలకు పేజీలు రాయించకండి. అయితే బడిలో, ఇంట్లో, ఆటలో కూడా ఆరు నెలలకు మించి ఇదే తీరైతే తప్పక చూపించాలి. అప్పుడు వాడి వయసువాళ్ళతో పోల్చి చూడమనండి, క్లాసుతో కాదు.

కాలర్: మావారు రెండో తరగతే మళ్ళీ చదివిద్దామంటున్నారండి.

డాక్టర్: ఇందుకోసమైతే వద్దు. స్నేహితులు పైకెళ్తే వాడికి అర్థమయ్యేది ఒకటే, తప్పానని. 2006లో చాలా దేశాల పిల్లల మార్కులు పోల్చితే, క్లాసులో అందరికంటే పెద్దవాళ్ళకీ చిన్నవాళ్ళకీ మధ్య నాలుగో తరగతిలో, వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే 4 నుంచి 12 స్థానాల తేడా ఉంది, ఎనిమిదికొచ్చేసరికి 2 నుంచి 9. తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. అందుకే ‘పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అని నేననను.

కాలర్: మరి టీచర్‌కి ఏం చెప్పమంటారు?

డాక్టర్: పుట్టినతేదీ చెప్పండి. ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు తుడిచేముందు వీడి నోట్‌బుక్ వైపు ఒకసారి చూడమనండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. కేఆర్ పురం నుంచి ఇంకో కాలర్... హలో?