తెల్లారాక పౌలు ఏమన్నాడు

శ్రోతలందరికీ వందనాలు.

2022 శ్రావణంలో, ముసురు వదలని రోజుల్లో, మా అత్తగారు ప్రభువునందు నిద్రించారు. మాది కోనసీమలో కాలవ పక్క ఊరు. మా పేట నుంచి సమాధుల తోట కనబడుతూనే ఉంటుంది, ఫర్లాంగు దూరం కూడా ఉండదు. కానీ దారి లేదు. మధ్యలో అంతా వరి చేలు. గట్టు మీద ఒక్క మనిషి నడిస్తేనే కాలు జారుతుంది, ఇక నలుగురు పెట్టె ఎత్తుకుని ఎలా వెళ్తారు? ఇద్దరు గట్టు మీద, ఇద్దరు చేలో మోకాళ్లలోతు నీళ్లలో నడిచారు. ఊడ్చి పది రోజులైన చేను. అడుగు వేసిన చోటల్లా మొక్క బురదలోకి దిగిపోతోంది. మా ఆయన తల్లి పెట్టెను భుజాన మోస్తూనే, ఎదుటి గట్టు మీద నిలబడ్డ కామందుగారితో "తప్పయిపోయిందండీ, మళ్లీ ఊడ్చి పెడతామండీ" అంటున్నారు. వెనకాలే నడుస్తున్న మా అమ్మాయి ఆ మాట విన్నది.

డెల్టాలో వానాకాలం రెండడుగులు తవ్వితే చాలు, నీళ్లు ఊరుతాయి. గొయ్యిలో నీళ్లు బకెట్లతో తోడుతూనే ఉన్నారు. పెట్టె దింపేసరికి మళ్లీ ఊరింది. పెట్టె తేలకుండా ఇద్దరు కుర్రాళ్లు గెడలతో అదిమి పట్టుకుంటే పైన మట్టి పోశారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను, నా కళ్లు ఆ గెడల మీదే ఉన్నాయి.

ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది. అప్పుడు తను అమలాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. "అమ్మా, మామ్మ దగ్గరికి వెళ్లడానికి మనకి దారి ఎందుకు లేదు?"

"మొదట్నించీ అంతే అమ్మలూ. దేవుడు చూసుకుంటాడు, పడుకో" అన్నాను.

చిన్నప్పుడు నేను ఏదడిగినా మా అమ్మ నాకు చెప్పిన మాటే ఇది. దేవుడు చూసుకుంటాడని నేను నిజంగానే నమ్ముతాను. ఆ నమ్మకం లేకపోతే ఈ ఇల్లు ఇన్నాళ్లు నిలబడేది కాదు. కానీ ఆ రాత్రి నా నోట్లోంచి ఆ మాటను తోసింది భయం. మా ఆయన ఆ కామందుగారి కొబ్బరి తోటలోనే దింపు తీస్తారు. మా అరెకరం కౌలు కూడా ఆయన దగ్గరే. పైగా అప్పటికి మూడు నెలల ముందే, మే 24న, అమలాపురం తగలబడింది. జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెట్టడాన్ని కాదంటూ మొదలైన గొడవలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలిపోయాయి. ఆ సాయంత్రం ఫోన్లు కలవక, మా అమ్మాయి ఎక్కిన బస్సు ఎక్కడుందో తెలియక, వీధి అరుగు మీద నేను గడిపిన రెండు గంటలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. తర్వాత చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల తల్లులు వకీళ్ల చుట్టూ తిరిగారు. వాళ్లది ఏ పేట, ఏ వీధి అని నేను లెక్క చూడలేకపోయాను. ఇరవై ఏళ్ల పిల్లలు అందరూ. అలాంటి ఏడాదిలో "దారి ఎందుకు లేదు" అని నా కూతురు అడుగుతుంటే, దాని నోరు ఎలా మూయాలా అని మాత్రమే నేను ఆలోచించాను.

రెండు వారాల తర్వాత యూత్ మీటింగ్‌లో వాక్యం చెప్పే వంతు మా అమ్మాయిది. అపొస్తలుల కార్యాలు 16వ అధ్యాయం తీసింది. ఫిలిప్పీ పట్టణంలో పౌలునీ సీలనీ బెత్తాలతో కొట్టి చెరసాలలో వేసిన కథ. మన సంఘాల్లో ఆ కథ తెలియని పిల్లలు ఉండరు. అర్ధరాత్రి వాళ్లు పాటలు పాడారు, భూమి కంపించింది, తలుపులు తెరుచుకున్నాయి, చెరసాల నాయకుడు రక్షణ పొందాడు. మనం అక్కడితో ఆపి స్తోత్రం చెప్పుకుంటాం. మా అమ్మాయి ఆపలేదు. తెల్లారాక ఏం జరిగిందో చదివింది. అధికారులు మనుషుల్ని పంపి, ఇక మీరు వెళ్లిపోవచ్చు అని కబురు పెడతారు. పౌలు వెళ్లనంటాడు. మేం రోము పౌరులం, విచారణ లేకుండా అందరి ముందూ కొట్టించారు, ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అంటాడు. ఆ అధికారులు భయపడి, వచ్చి, బతిమాలుకుంటారు.

"రాత్రి పాట పాడినవాడే పొద్దున హక్కు అడిగాడు" అంది మా అమ్మాయి. "మనం రాత్రి భాగం ఒక్కటే నేర్చుకున్నాం."

వెనక బెంచీలో కూర్చున్న అయ్యగారు చాలాసేపు ఏమీ అనలేదు. లేచి ముగింపు ప్రార్థన చేయబోతూ ఆగి, "ఆ పాటల మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో నాకే లెక్క లేదు, ఆ పొద్దుటి వచనాలు మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా" అన్నారు. అంతమంది పిల్లల ముందు ఆ పెద్దాయన అలా ఒప్పుకోవడం నాకు చాలా గౌరవంగా అనిపించింది.

ఆ తర్వాతే నేను అమెరికా సంగతులు చదవడం మొదలుపెట్టాను. మార్టిన్ లూథర్ కింగ్ పేరు అందరికీ తెలిసిందే. ఆయన పాస్టరు, పాస్టరు కొడుకు. 1963లో బర్మింగ్‌హామ్ నగరంలో నల్లవారి హక్కుల కోసం నడిచినందుకు ఆయన్ని అరెస్టు చేసిన రోజు ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. మీ తొందరపాటు మంచిది కాదు అని ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు ప్రకటన ఇస్తే, ఆ జైల్లోంచే వాళ్లకు జవాబు రాశాడు. ఓపిక పట్టండి అనే మాట ఎక్కువగా మతం వైపు నుంచే వస్తుందని నాకు అక్కడ అర్థమైంది. నా ఇంట్లో ఆ మాట చెప్పింది నేనే కదా.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం బర్మింగ్‌హామ్‌లో ఆ 1963 మే నెల సంగతి. పెద్దవాళ్లు ఊరేగింపులోకి వస్తే ఉద్యోగాలు పోతాయి, అద్దె ఇళ్లు ఖాళీ చేయాలి. అందుకని పిల్లలు ముందుకొచ్చారు. మే 2న పదహారో వీధి బాప్టిస్టు చర్చిలోంచి బడి పిల్లలు బారులు తీరి బయటికొచ్చారు. పోలీసులు వందల మందిని వ్యాన్లలో ఎక్కించారు. మర్నాడు అగ్నిమాపక గొట్టాలతో నీళ్లు కొట్టారు, కుక్కల్ని వదిలారు. పిల్లల్ని ఇందులోకి దింపడం ఏమిటని కింగ్‌ను చాలామంది తప్పుబట్టారు. దింపాలా వద్దా అని ఆయనే ముందు వెనకాడాడు. నేనైతే నా కూతుర్ని పంపేదాన్నా? ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అదే ఏడాది సెప్టెంబరు 15, ఆదివారం ఉదయం, అదే చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకమ్మాయికి పదకొండు. ఆదివారం బడికి తయారై వచ్చిన పిల్లలు. తల్లిదండ్రుల భయం ఉత్తిదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఆ పిల్లలు రాయి పట్టుకోలేదు. బయటికి వచ్చే ముందు చర్చిలో వాళ్లకు శిక్షణ ఇచ్చారు, కొట్టినా తిరిగి కొట్టకూడదని నేర్పారు. దాన్ని చర్చి చేసింది. మన చర్చిల్లో పిల్లలకు క్రిస్మస్ డాన్సు నేర్పడానికి నెల రోజులు కేటాయిస్తాం. అర్జీ ఎలా రాయాలో, కోపం వచ్చినప్పుడు చెయ్యి ఎలా ఆపుకోవాలో నేర్పడానికి ఒక్క శనివారం కేటాయించామా? అమలాపురం రోజుల్లో ఫోన్లలో ఎవరో పంపింది చూసి పరుగెత్తిన పిల్లలకి ఏ గుడీ, ఏ చర్చీ, ఏ ఇల్లూ ముందే ఈ పని చేసి పెట్టలేదు.

మా అమ్మాయీ, దాని స్నేహితులూ సమాచార హక్కు చట్టం కింద ఊరి పటం కోసం దరఖాస్తు పెట్టారు. 2005 నాటి చట్టం. తెల్ల కార్డు ఉన్నవాళ్లకి ఫీజు కూడా లేదు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పటం వచ్చింది. అందులో మా పేట నుంచి తోట దాకా గీత ఉంది. పుంత! ఒకప్పుడు బళ్లు తిరిగిన పుంత. ఏటా రెండు వైపుల నుంచీ గట్టు చెక్కుకుంటూ రాగా చేలల్లో కలిసిపోయింది. మమ్మల్ని ఎవరూ వద్దని గెంటలేదు. ఎవరూ ఏమీ అనకుండానే దారి మాయమైంది. పౌర హక్కుల పరిరక్షణ చట్టమని 1955లో వచ్చినది ఒకటుంది. మొదట్లో దాని పేరు అస్పృశ్యత నేరాల చట్టం, 1976లో సవరించి ఇప్పటి పేరు పెట్టారు. అంటరానితనం పేరుతో ఎవరినీ ఆపకూడని చోట్లలో నూతులు, చెరువులు, రోడ్లతో పాటు శ్మశానాలు, సమాధుల స్థలాల పేరు కూడా అందులో విడిగా రాసి ఉంది. ఆ వాక్యం నాకు చదివి వినిపించినప్పుడు, చట్టం రాసినవాళ్లకు మా అత్తగారి గురించి ముందే తెలుసేమో అనిపించింది.

అర్జీలో కులం అన్న చోట పెన్ను ఆగింది. మేం బీసీ-సి. దళితులు క్రైస్తవులైతే మన రాష్ట్రంలో ఇచ్చే సర్టిఫికెట్ అది, రిజర్వేషన్ ఒక శాతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మాకు లేదు. ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. ఎస్సీ సర్టిఫికెట్ లేకపోతే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మాకు అందదు. ఎస్సీ సర్టిఫికెట్ పోకూడదని మా నాన్నగారికి బళ్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉండేవి. బళ్లో పేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలికేవారు. ఆ ఆగడం నా పిల్లకి వద్దనుకుని నేను బీసీ-సి రాయించాను. దానివల్ల తను కొన్ని సీట్లు పోగొట్టుకుంది. ఆ సంగతి తను నన్ను ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. రాజ్యాంగం 17వ అధికరణం మాత్రం మతం అడగదు. అంటరానితనం ఏ రూపంలో ఉన్నా నిషేధమే అంటుంది. అర్జీ ఆ అధికరణంతోనే మొదలైంది.

అయితే అసలు గొడవ అర్జీ రాశాక మా సంఘంలోనే వచ్చింది. "అమ్మా, మరి మాదిగపేట వాళ్లు ఎక్కడ పాతిపెడుతున్నారు?" అని మా అమ్మాయి అడిగింది. కాలవ గట్టు మీద. వాళ్లకి తోటే లేదు. వాళ్లూ విశ్వాసులే, వాళ్ల చర్చి వేరు. మా తోటలో వాళ్లకి చోటివ్వాలని ఇన్నేళ్లలో మాకెవరికీ తోచలేదు. వాళ్ల స్థలం మాట కూడా మన అర్జీలో ఉండాలి, లేకపోతే నేను సంతకం పెట్టను అంది. సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. "ముందు మన దారి తెచ్చుకుందాం, వాళ్లది తర్వాత చూద్దాం" అన్నారు. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుచుకుంటామని చెప్పుకునేవాళ్లం, మట్టి దగ్గరికొచ్చేసరికి ఇలా మాట్లాడాం. మూడు ఆదివారాలు ఆ చర్చ నడిచింది. చివరికి రెండు పేటల సంతకాలతో ఒకటే అర్జీ వెళ్లింది. పేటలో తల్లులందరిలోకీ ముందు నేను పెట్టాను సంతకం. చెయ్యి వణికింది, నిజం చెబుతున్నాను. ఆ వారమే మా ఆయనకి దింపు పని ఆగిపోయింది. కౌలు మాత్రం ఉంచారు.

సామెతల గ్రంథం ఆఖరి అధ్యాయాన్ని మనం ఆడవాళ్ల కూడికల్లో తెగ చదువుతాం, గుణవతి అయిన భార్య గురించి. ఆ అధ్యాయం ఒక తల్లి తన కొడుక్కి చెప్పిన ఉపదేశంతో మొదలవుతుంది. నోరు లేనివాళ్ల కోసం, దిక్కు లేనివాళ్ల కోసం నీ నోరు తెరువు అని ఆమె చెబుతుంది. నా పిల్లకి నేను చెప్పాల్సిన ఆ మాటను నా పిల్లే నాకు చెప్పింది.

మన దగ్గర నెలకోసారి, 30వ తేదీన, సివిల్ రైట్స్ డే అని అధికారులు పేటల్లోకి వస్తారు. మా అర్జీ మొదట ఆ సభలోనే ఇచ్చాం. తర్వాత అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, మళ్లీ 30న ఇచ్చాం. ఎన్నిసార్లో గుర్తు లేదు. సర్వేయరు వచ్చి కొలిచే రోజున కామందుగారు గట్టు మీదే నిలబడ్డారు. మా ఆయన వెళ్లి ఆయన పక్కనే నిలబడ్డారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. పుంతకి అటూ ఇటూ రాళ్లు పాతారు.

మొన్న ఈస్టర్ తెల్లవారుజామున, దాళ్వా చేలు పాలు పోసుకుంటున్న వేళ, కొవ్వొత్తులు పట్టుకుని ఆ రాళ్ల మధ్య నుంచే తోటకి నడిచాం. మాదిగపేట పిల్లలు కూడా వచ్చారు. కంకర ఇంకా పడలేదు. వాళ్ల స్థలం ఫైలు ఆర్డీవో ఆఫీసులో ఉంది. వచ్చే 30న మా అమ్మాయికి బీఈడీ పరీక్ష. ఈసారి అర్జీ నేను పట్టుకెళ్తున్నాను.

సెలవు.